జీతం ఎవరిచ్చారో కూడా ఆ గోడ మీద గీయండి

సంపాదకులు గారికి,

నమస్కారం. నాగావళి గట్టు గోడ మీద శ్రీకాకుళం చరిత్రను బొమ్మలుగా గీయించాలనే ఆలోచన ఉందని మీ జిల్లా పేజీలో చదివాను. పక్కనే వేసిన నమూనా బొమ్మనూ చూశాను. కోట బురుజు, ఫిరంగి, గుర్రం మీద నవాబు, ఎర్రకోటు దొర, కత్తి దూసిన తాండ్ర పాపారాయుడు. రంగులు బాగున్నాయి. ఆర్మీలో హవల్దారుగా రిటైరైనవాణ్ణి కాబట్టి ఫిరంగి మీద నాకు కోపం ఎందుకుంటుంది? కానీ ఎంత వెతికినా ఆ బొమ్మలో ఒక మగ్గం కనబడలేదు. ఒక రాట్నం లేదు. నది ఉంది గానీ నది ఒడ్డున గుడ్డ ఆరేసినవాడు లేడు. దాని గురించే ఈ ఉత్తరం.

మాది పొందూరు దగ్గర నేతపని ఇల్లు. మా నాన్న గుంట మగ్గంలో కాళ్లు దించుకుని కూర్చునేవాడు, మా అమ్మమ్మ వడికేది. మగ్గం మీద అందరికీ కూడు దొరకదని మా ఇంట్లో తేలిపోయాక నేను సెలక్షన్లకు వెళ్లాను. ఆర్మీలో నాకు బాగా అబ్బిన పాఠం తుపాకీ పాఠం కాదు, క్వార్టర్‌మాస్టర్ స్టోర్ పాఠం. ఎంతమందికి రేషన్, ఎన్ని జతల బట్ట, జీతం ఏ తారీఖున, ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుంది. యుద్ధం సంగతి ఈ లెక్కల తర్వాతే. మన ఊరి చరిత్ర చదివినప్పుడు కూడా నా కన్ను అక్కడికే పోతుంది. అలా చదివితే శ్రీకాకుళం కథ నమూనా బొమ్మలో ఉన్నదానికంటే చాలా వేరేగా కనిపిస్తుంది.

ముందు పాపారాయుడి సంగతి చెప్పేస్తాను, లేకపోతే సగంమంది ఈ ఉత్తరం చదవరు. పాపారాయుడంటే నాకూ భక్తే. అయితే బొబ్బిలి మన గట్టున లేదు. అది వేగావతి వైపు ఊరు. ఆ వేగావతి వచ్చి సంగం దగ్గర మన నాగావళిలో కలుస్తుంది, అంతవరకే బంధుత్వం. శ్రీకాకుళం గోడ మీద సగం జాగా బొబ్బిలి కోటకే ఇచ్చేస్తే మన ఊరి కథకు చోటెక్కడ? బొబ్బిలివాళ్లు తమ కథ తాము బాగానే చెప్పుకుంటున్నారు.

మన కథ ఫౌజుదార్లతో మొదలుపెట్టొచ్చు. గోల్కొండ సుల్తానుల కాలంలో షేర్ మహమ్మద్ ఖాన్ ఇక్కడ ఫౌజుదారు. ఆయన కట్టించిన జామియా మసీదు 1641 నాటిది, ఇప్పటికీ నమాజు జరుగుతోంది. ఎచ్చెర్ల దగ్గర ఎస్.ఎం.పురం అని మనం బస్సు ఎక్కి దిగే ఊరు ఆయన పేరు మీదిదే. అక్కడ ట్రిపుల్ ఐటీలో చదివే పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసో గానీ, చెబితే ఆశ్చర్యపోతారు. ఫౌజుదారు అంటే ఫౌజును ఉంచాలి, శిస్తు వసూలు చేయాలి. ఈ రెండు పనులూ ఒకే మనిషికి ఎందుకు అప్పగించారో గమనించండి. ఫౌజు లేకపోతే వసూలు లేదు, వసూలు లేకపోతే ఫౌజు లేదు. గోల్కొండ పోయి మొగలులు వచ్చినా, మొగలుల తర్వాత నిజాం వచ్చినా ఈ ఏర్పాటు మారలేదు. 1720ల తర్వాత ఇక్కడ అధికారం చేసిన అన్వరుద్దీన్ ఖాన్ ఆపైన ఆర్కాటు నవాబై, 1749లో అంబూరు యుద్ధంలో చచ్చిపోయాడు. మన ఊరి నవాబుగిరీ అప్పట్లో అంత పెద్ద మెట్టు.

ఇక నేను గోడ మీద అన్నిటికంటే పెద్దగా గీయించమని అడిగే సంవత్సరం 1753. ఆ ఏడాది నిజాం గద్దె మీద ఉన్న సలాబత్ జంగ్ ముస్తఫానగరం, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం అనే నాలుగు సర్కారులను, అంటే శిస్తు వసూలు చేసే పెద్ద ప్రాంతాలను, ఫ్రెంచివాళ్లకు రాసిచ్చాడు. ఎందుకు? ఫ్రెంచి సేనాని బుస్సీ దగ్గర ఉన్న సైన్యానికి జీతాలు ఇవ్వడానికి. ఖజానాలో డబ్బు లేదు, సిపాయిలు ఊరుకోరు. అందుకని కృష్ణ దగ్గర నుంచి గంజాం దాకా ఉన్న నేల మీద వచ్చే శిస్తంతా వాళ్ల జీతాల పద్దు కింద పోయింది. కోట గెలుచుకుంటే ఊరు చేతులు మారడం వేరు. జీతం బకాయికి ఊరు చేతులు మారడం వేరు. మన ఊరు రెండో రకం. ఆ నాలుగు సర్కారుల్లో దుక్కి దున్నిన ప్రతి రైతూ, మగ్గం పన్ను కట్టిన ప్రతి నేతగాడూ ఎక్కడో హైదరాబాదులో, ఔరంగాబాదులో కాపలా కాసే తుపాకీవాడికి నెల జీతం ఇచ్చాడన్నమాట. పే బుక్కు చేతిలో పెట్టుకుని బతికినవాణ్ణి కదా, ఈ ఒక్క వాక్యం చదివినప్పుడు నాకు ఒళ్లు ఝల్లుమంది.

బొబ్బిలి యుద్ధం వెనక కూడా ఇదే లెక్క ఉంది. అసూయలు, నీటి కాలవల తగాదాలు, మాట పట్టింపులు అన్నీ ఉన్నాయి, కాదనను. కానీ బుస్సీ ఈ వైపు సైన్యంతో ఎందుకు వచ్చాడు? రావలసిన పైకం రావడం లేదు కాబట్టి వచ్చాడు. శ్రీకాకుళం, రాజమహేంద్రవరం సర్కారుల వసూళ్లు గుత్తకు తీసుకున్నవాడు విజయనగరం పూసపాటి విజయరామరాజు. గుత్తదారుకు అడ్డమొచ్చిన జమీందారు బొబ్బిలి రంగారావు. ఫ్రెంచి ఫిరంగులు గుత్తదారు వైపు నిలబడ్డాయి. 1757 జనవరి 24న కోట కూలింది, లోపల ఆడవాళ్లూ పిల్లలూ ఎలా పోయారో మళ్లీ చెప్పక్కర్లేదు, బుర్రకథలు విననివాళ్లు ఈ జిల్లాల్లో లేరు. పాపారాయుడు విజయరామరాజును డేరాలోనే చంపాడు. ఆ రాత్రి గురించి వంద పద్యాలు ఉంటే, ఆ ఫిరంగుల మందుగుండుకు డబ్బు కట్టిన రైతు గురించి ఒక్క పద్యం ఉన్నట్టు నేను వినలేదు.

ఆ తర్వాత కథ ఇంకా విచిత్రం. విజయరామరాజు తర్వాత గద్దెనెక్కిన ఆనందగజపతిరాజుకు ఫ్రెంచివాళ్లతో పడలేదు. విశాఖపట్నాన్ని వాళ్ల చేతిలోంచి లాక్కుని ఇంగ్లీషువాళ్లకు కబురు పెట్టాడు. బెంగాల్ నుంచి క్లైవు కర్నల్ ఫోర్డును పంపాడు. ఒప్పందంలో మొదటి మాట ఏమిటో తెలుసా? సైన్యం ఖర్చుకు రాజు నెలకు 50,000 రూపాయలు ఇవ్వాలి, ఆఫీసర్లకు ఇంకో 6,000 వేరే. 1758 డిసెంబరులో కోనసీమకు ఉత్తరాన చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు ఓడిపోయారు. ఓడిపోయిన సైన్యాన్ని వెంటనే తరమాలి. కానీ ఫోర్డు రాజమహేంద్రవరం దగ్గర వారాల తరబడి ఆగిపోయాడు. రాజు ఇస్తానన్న డబ్బు రాలేదు. డబ్బు లేకపోతే బండి కదలదు, ఎద్దుకు గడ్డి ఉండదు. ఆఖరికి మచిలీపట్నం ముట్టడిలో అతని తెల్ల సిపాయిలే బకాయిల కోసం ఎదురు తిరిగారు. వాళ్లను బతిమాలి నిలబెట్టుకున్నాకే 1759 ఏప్రిల్‌లో కోట దక్కింది. ఈ కథ మా యూనిట్‌లో చెప్పి ఉంటే సుబేదార్ నుంచి వంటవాడి దాకా అందరికీ ఒక్క ముక్కలో అర్థమయ్యేది.

ఈ సర్కారులను ఇంగ్లీషువాళ్ల ఈస్టిండియా కంపెనీకి ఇస్తూ 1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానా, 1766 నవంబరులో నిజాంతో ఒప్పందం. ఆ ఒప్పందంలో కూడా సర్కారులకు బదులుగా కంపెనీ ఇస్తానన్నది నిజాంకు అవసరమైనప్పుడు సైనిక సాయం. మళ్లీ సిపాయిలే. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర విజయనగరం రాజు చిన విజయరామరాజు పోరాడి చనిపోయింది కూడా బకాయిలు కట్టమని, సొంత సైన్యాన్ని తగ్గించుకోమని కంపెనీ పెట్టిన ఒత్తిడి ముదిరాకే. ఆ తర్వాత రాజుల ఫౌజులు పోయాయి. తుపాకీ ఒక్క కంపెనీ చేతిలోనే మిగిలింది. శ్రీకాకుళంలో పటాలం దిగింది, చాలా ఏళ్లు ఉంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇంతమంది ఇక్కడికి ఎందుకు ఎగబడ్డారు? భీమిలిలో డచ్చివాళ్లు, విశాఖలో ఇంగ్లీషువాళ్లు వచ్చి కూర్చుంది మన ఫిరంగులు చూసి కాదు. బట్ట కోసం. చికాకోల్ మస్లిన్ అంటే ఢాకా మస్లిన్ పక్కన పెట్టి మాట్లాడే సరుకు ఒకప్పుడు. మన ఊరి పేరు వాళ్ల నోట్లో చికాకోల్ అయింది, ఆ పేరుతోనే బట్ట ఓడెక్కింది.

పుంజం అనే లెక్క నేటి పిల్లలకు తెలియదు. పడుగులో, అంటే గుడ్డ నిలువు పోగుల్లో, 120 పోగులు ఒక పుంజం. గుడ్డ నాణ్యం పుంజాల్లో చెప్పేవారు. వెడల్పు అదే, పుంజాలు పెరిగేకొద్దీ పోగు సన్నబడాలి, అచ్చు (పోగులు దూర్చే దువ్వెన లాంటిది) దగ్గరపడాలి. 40 పుంజాల గుడ్డంటే పడుగులోనే 4,800 పోగులు. ఒక్కో పోగునూ అచ్చులోంచి చేత్తో లాగాలి. ఒక పోగు తెగితే ఎక్కడ తెగిందో వెతికి ముడి వేయాలి, ఆ ముడి గుడ్డలో కనబడకూడదు. మా నాన్న కళ్లు యాభై దాటకుండానే ఎందుకు మసకబారాయో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

ఆ గుడ్డకు పత్తి ఎక్కడిది? కొంత ఇక్కడి పొలాల్లోది, కొంత కొండల్లోంచి దిగింది, కొంత నాగపూరు, బీరారు వైపు నుంచి బంజారాల ఎద్దుల మీద వచ్చింది. తిరుగు ప్రయాణంలో అవే ఎద్దులు మన సముద్రపు ఉప్పు మోసుకుపోయేవి. నేసిన గుడ్డను ఉతికి చలువ చేయడానికి మంచినీళ్లు కావాలి, ఆరేయడానికి ఇసుక తిన్నెలు కావాలి. కలహండి కొండల్లో పుట్టి 256 కిలోమీటర్లు నడిచి కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలిసే నాగావళి ఆ రెండూ ఇచ్చింది. నమూనా బొమ్మలో నది ఉత్త నీలిగీతగా ఉంది. అది కార్ఖానా అండీ. పైకప్పు లేని కార్ఖానా.

కంపెనీ ఈ గుడ్డను ఎలా కొన్నదో చూడండి. ముందు బయానా ఇస్తారు. బయానా తీసుకున్న నేతగాడు ఆ గుడ్డను ఇంకో షావుకారుకు అమ్మకూడదు, ఎక్కువ ధర వచ్చినా సరే. గుడ్డ తెచ్చాక కంపెనీవాళ్లు చూసి ఒకటో రకం, రెండో రకం, పనికిరాదు అని విడదీస్తారు. పనికిరానిది నెత్తిన పడుతుంది. ఆలస్యమైతే ఇంటి ముందు బంట్రోతును కూర్చోబెడతారు, ఆ బంట్రోతు బత్తెం కూడా నేతగాడే ఇవ్వాలి. ఆ బయానా డబ్బయినా లండన్ నుంచి వచ్చిందా అంటే, సర్కారులు చేతికొచ్చాక అదీ లేదు. ఇక్కడి శిస్తు డబ్బుతోనే ఇక్కడి గుడ్డ కొని ఓడెక్కించారు. రైతు దగ్గర సిపాయి వసూలు చేశాడు. ఆ డబ్బు నేతగాడి చేతిలో పెట్టారు. గుడ్డ సముద్రం దాటింది. మనకు మిగిలింది రసీదు. నవాబు, ఎర్రకోటు, ఫిరంగి, మగ్గం ఇవన్నీ ఒకే ఖాతా పుస్తకంలోని పద్దులు. అందులో ఒక పద్దు తీసేసి మిగిలినవి గీస్తే లెక్క తేలదు.

ఇంగ్లండులో మాత్రం తమ నేతగాళ్లను కాపాడుకోవడానికి 1700లో ఒకసారి, 1721లో మరోసారి మన అద్దకం బట్టల మీద నిషేధం చట్టాలు చేసుకున్నారు. ఆపైన మిల్లులు వచ్చాయి. 1833 చార్టర్ చట్టంతో కంపెనీ వ్యాపారమే మానేసింది, మనకు బయానా ఇచ్చేవాడు కూడా లేకుండా పోయాడు. బంట్రోతు పోయాడని సంతోషించాలో, బేరం పోయిందని ఏడవాలో తెలియని స్థితి. 1866 కరువు ఒరిస్సాతో పాటు గంజాం జిల్లానూ తొక్కింది. మనం అప్పుడు గంజాం జిల్లావాళ్లమే, 1936లో ఒరిస్సా విడిపోయేదాకా. 1876 వరదలో నాగావళి మీది వంతెన ఆర్చీలు కొన్ని కొట్టుకుపోయాయి. 1890లలో రైలు వచ్చింది గానీ ఊళ్లోకి రాలేదు. ఆమదాలవలస దగ్గర చికాకోల్ రోడ్ అనే స్టేషన్ పెట్టి, దిగినవాళ్లను బళ్ల మీద ఊళ్లోకి వెళ్లమన్నారు. ఇప్పటికీ మనం శ్రీకాకుళం రోడ్‌లో దిగి ఆటో మాట్లాడుకుంటున్నాం. ఆ రైల్లో మొదట దిగినవాటిలో మిల్లు గుడ్డ మూటలు తప్పకుండా ఉండి ఉంటాయి. 1901 జనాభా లెక్కల నాటికి మన ఊరి జనం 18 వేల చిల్లర. ఒక సర్కారుకు ముఖ్యపట్నంగా ఉన్న ఊరికి అది ఎంత తక్కువో చూడండి.

అయినా పని పూర్తిగా చావలేదు. పొందూరులో మిగిలింది. అక్కడి సన్ననూలు సంగతి విని గాంధీ గారు తన కొడుకు దేవదాసును పంపి చూసిరమ్మన్నారు. 1949లో ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఏర్పడింది, వినోబా వచ్చి వెళ్లారు. ఇవి చాలామందికి తెలుసు. పని ఎలా జరుగుతుందో మాత్రం బొమ్మ గీసేవాళ్లు ఒకసారి దగ్గర కూర్చుని చూడాలి. కొండపత్తి, పునాస పత్తి, ఎర్రపత్తి అని రకాలు. గింజతో ఉన్న పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడలో పళ్లు సన్నగా, దగ్గరగా ఉంటాయి. ఏ ఇనుప దువ్వెనా ఆ పని చేయలేదు, ఇనుము పోగును తెంపుతుంది. తర్వాత చెక్క పలక మీద ఇనుప కడ్డీతో గింజ తీస్తారు, విల్లుతో ఏకుతారు, ఏకులు చేసి ఆరిన అరటి దొప్పలో దాస్తారు, దుమ్ము పట్టకుండా, చెమ్మ పోకుండా. ఆ తర్వాతే రాట్నం. ఈ పని ఎక్కువగా పట్టుశాలి ఇళ్ల ఆడవాళ్లది.

చిన్నప్పుడు నేను ఆ దవడ పట్టుకుని రంపం ఆట ఆడుతుంటే మా అమ్మమ్మ చేతి మీద ఒక్కటి వేసి, "ఏట్రా, ఇది నీ ఆటబొమ్మనుకున్నావేటి? ఇది నా కూడురా బాబూ" అంది. మా బెటాలియన్‌లో రైఫిల్ కింద పెడితే ఉస్తాద్ అన్న మాట కూడా ఇంచుమించు ఇదే.

వంద నంబరు నూలంటే ఎంత సన్నమో ఒక లెక్క చెబుతాను. ఒక పౌను బరువులో వంద చిలపలు, చిలపకు 840 గజాలు. అంటే అర కిలో కూడా లేని నూలు 84,000 గజాలు సాగుతుంది, దాదాపు 77 కిలోమీటర్లు. మన ఏడురోడ్ల కూడలిలో ఒక కొస పట్టుకుంటే రెండో కొస విజయనగరం చేరుతుంది. దీన్ని కరెంటు లేకుండా, వేళ్లతో, కూర్చున్న చోట నుంచి కదలకుండా చేసిన ఆడమనిషి బొమ్మ ఆ గోడ మీద లేకపోవడం నాకు మింగుడుపడలేదు.

కూలి సంగతి రాయడం మొదలుపెడితే ఈ ఉత్తరం ఇంకో దారి పడుతుంది కాబట్టి రాయను. మా ఇంట్లో ఇప్పుడు వడికేవాళ్లు లేరని మాత్రం చెబుతాను. మా అమ్మ నేర్చుకుంది, మా చెల్లెలు నేర్చుకోలేదు, ఆమెను తప్పు పట్టలేను.

ఇప్పటి సంగతి చూడండి. తెల్లారుజామున కోడి రామమూర్తి స్టేడియం వైపు వెళితే కుర్రాళ్లు పరిగెడుతూ ఉంటారు. 1,600 మీటర్ల టైమింగ్ కోసం. ఒకడు వాచీ పట్టుకుని అరుస్తుంటాడు. నా దగ్గరికి కూడా కొందరు వస్తారు, ఛాతీ కొలత గురించి, మెడికల్ గురించి అడగడానికి. ఈ జిల్లా నుంచి సైన్యానికి, కేంద్ర బలగాలకు వెళ్లినంతమంది ఏ జిల్లా నుంచీ వెళ్లరని మనం గొప్పగా చెప్పుకుంటాం. నేనూ చెప్పుకుంటాను. తీరంలో ఉన్నవాళ్లు గుజరాత్‌కు వేటకు పోతారు, ఇంకొందరు అలాంగ్‌లో పాత ఓడలు విరగ్గొట్టడానికి పోతారు. ఆమదాలవలస చక్కెర ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లయింది. పైడిభీమవరం వైపు మందుల కంపెనీలు ఉన్నాయి, వాటిలో మనవాళ్ల వాటా ఎంత అన్నది వేరే చర్చ. ఒకప్పుడు ఊరి శిస్తుతో బయటి సిపాయిలకు జీతం ఇచ్చాం. ఇప్పుడు మన కుర్రాళ్లే సిపాయిలై బయటినుంచి జీతం పంపుతుంటే ఊళ్లో ఇళ్లు లేస్తున్నాయి. గోడ చివర జాగా మిగిలితే ఈ పరిగెత్తే కుర్రాణ్ణి కూడా గీయమనండి, వీపు మీద నంబరు చీటీతో.

బొమ్మల విషయంలో నాకు తోచినవి చెబుతాను. నవాబు బొమ్మ పక్కన మసీదూ, 1641 అనే అంకే వేయండి. గుర్రం ఎక్కిన ఎవరో ఒక నవాబు కంటే షేర్ మహమ్మద్ ఖాన్ అని పేరు రాస్తే ఎస్.ఎం.పురం పిల్లలు ఆగి చదువుతారు. బుస్సీని గీయాలనుకుంటే ఫిరంగి పక్కన కాదు, సలాబత్ జంగ్ చేతి నుంచి కాగితం తీసుకుంటున్నట్టు గీయండి, కింద 1753 అని. ఎర్రకోటు దొరను గుడ్డ మడతలు తిరగేసి చూస్తున్నట్టు, ఎదురుగా నేతగాడు చేతులు కట్టుకుని నిలబడినట్టు గీయండి. గుమ్మం పక్కన బంట్రోతును మరిచిపోవద్దు. నదిని నీలిగీతగా కాకుండా ఇసుక మీద ఆరేసిన తెల్ల గుడ్డలతో గీయండి. ఎద్దుల మీద పత్తి బస్తాలతో బంజారాలు ఉంటే పిల్లలకు సరదాగా కూడా ఉంటుంది. పాపారాయుడిని ఉంచండి, కానీ గోడలో ఆఖరి భాగంలో, పక్కన బొబ్బిలి ఎక్కడుందో చూపించే చిన్న పటంతో. గుజరాతీపేట, హయాతినగరం, ఫాజుల్‌బేగ్‌పేట వీధుల్లో పాత ఇళ్లలో ఉన్న పెద్దలను ఒకసారి పిలిచి కూర్చోబెడితే ఇంకా చాలా సంగతులు బయటికి వస్తాయి. వాళ్లకు టీ ఖర్చు తప్ప ఇంకేమీ అక్కర్లేదు.

గోడకు ఎండా వానా తప్పవు. నీడలో పెట్టాల్సిన వస్తువులకు డచ్ బంగ్లా అని మనం పిలిచే పాత కలెక్టరేట్ భవనం కంటే తగిన చోటు నాకు కనబడలేదు. డచ్చివాళ్లు ఈ తీరానికి వచ్చిందే బట్ట కోసం కాబట్టి ఒక గుంట మగ్గం, ఒక రాట్నం అక్కడ ఉంటే ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు. పనిచేసే మగ్గం పెట్టండి, అద్దాల పెట్టెలో చచ్చిన మగ్గం వద్దు. నేసేవాడికి నెల జీతం ఇవ్వాలి, ఫస్టు తారీఖున.

బొమ్మలు గీసే కళాకారులకు వాలుగ దవడ, ఏకుడు విల్లు, పుంజాల అచ్చు ఎలా ఉంటాయో ఫోటోల్లో చూస్తే తెలియదు. మా అమ్మమ్మ దవడ నా దగ్గర ఉంది, ఒక పక్క రెండు పళ్లు ఊడాయి. పొందూరులో మా బంధువుల ఇళ్లలో ఇంకా వడికేవాళ్లు ఉన్నారు. పొద్దున్నే ఏకుతారు, ఎండ ముదిరితే ఆపేస్తారు కాబట్టి ఏడింటికల్లా అక్కడ ఉండాలి. బస్సులో అయితే ఆలస్యమవుతుంది. బండి ఏర్పాటు చేస్తే నేను తీసుకెళ్లి దగ్గరుండి చూపిస్తాను. నా చిరునామా మీ కార్యాలయంలో ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత హవల్దారు,
శ్రీకాకుళం